చుట్టాలు లేని మాటలు

మొన్న మా మనవడు ఫోనులోంచి తలెత్తి, "తాతయ్యా, నువ్వు టెలిగ్రాంలో ఉన్నావా?" అని అడిగాడు.

"ముప్పై నాలుగేళ్లు ఉన్నాన్రా, రిటైరై ఇంటికొచ్చాను" అన్నాను.

వాడు పడీ పడీ నవ్వాడు. వాడు అడిగింది ఫోనులో ఉండే యాప్ సంగతట. అమెరికా చదువుకి పోదామనుకునే పిల్లలంతా అందులో ఒక గుంపు కట్టారట. పొద్దున లేచేసరికి యాభై కొత్త ఇంగ్లీషు మాటలు అందులో పడి ఉంటాయట. జీఆర్ఈ పరీక్షకి కంఠస్థం పట్టాలి. "మరి దానికి ఆ పేరెందుకు పెట్టార్రా?" అన్నాను. "బ్రాండ్ నేమ్ తాతయ్యా. బ్రాండ్‌కి అర్థం ఏముంటుంది?" అనేసి మళ్లీ ఫోనులోకి దిగిపోయాడు.

ఆ పూట నాకు అన్నం సయించలేదు. టెలి అంటే దూరం, గ్రామ్ అంటే రాసినది. రెండూ గ్రీకు ముక్కలు. 1852లో అమెరికాలో ఒక పత్రికకెక్కిన మాట ఇది. తర్వాత కొన్నాళ్లకి గ్రీకు క్షుణ్ణంగా చదివిన పెద్దలు దాని మీద మండిపడ్డారు. వ్యాకరణం ప్రకారం 'టెలిగ్రఫీమ్' అనాలిట. జనం వాళ్ల మాట వినలేదు, వినకపోవడమే మంచిదైంది. గుంటూరు టెలిగ్రాఫ్ ఆఫీసు కౌంటరు ముందు నిలబడి "అయ్యా, ఒక టెలిగ్రఫీమ్ ఇవ్వాల" అని ఏ రైతంటాడు? ఆ టెలి ఇంటివాళ్లే టెలిఫోను, టెలిస్కోపు, టెలిపతీ. టెలివిజన్ది మాత్రం కులాంతరం, సగం గ్రీకు, సగం లాటిను. అప్పట్లో దాని మీదా సణిగినవాళ్లున్నారు. ఇక గ్రామ్ ఇంటివాళ్లు గ్రామరు, ప్రోగ్రాము, డయాగ్రము, ఆఖరికి నా గుండెకి ఏడాదికోసారి తీసే ఈసీజీలో చివరి జీ.

ఒక్క మాట తలుపు తడితే ఇంతమంది బయటికొస్తారు. మా వాడి ఫోనులో మాత్రం మాటకో కార్డు. ముందువైపు మాట, వేలితో తడితే వెనకవైపు అర్థం. తెలిస్తే ఆకుపచ్చ, తెలియకపోతే ఎరుపు. వాడు జేబులో పెట్టుకు తిరిగే జాబితా అబేస్, అబాష్, అబేట్ అంటూ అక్షర క్రమంలో మొదలవుతుంది. అక్షర క్రమం ఓటర్ల జాబితాకి బాగుంటుంది. ఓటర్ల జాబితా బట్టీ పడితే ఊళ్లో ఎవరు ఎవరికి బావో తెలుస్తుందా?

మా రోజుల్లో ఇలా కాదు. ఇలా అనగానే మా కోడలు వంటింట్లోంచి, "మొదలెట్టారు మామయ్యగారు" అంటుందని తెలుసు. అయినా చెబుతాను.

1968లో గుంటూరు టెలిగ్రాఫ్ ఆఫీసులో చేరాను. బీఏ పాసయ్యాననే గానీ నా ఇంగ్లీషంతా రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం దగ్గరే ఆగిపోయింది. పార్సింగ్ చెయ్యమంటే చేస్తాను, నాలుగు మాటలు కూర్చమంటే చెమటలు. మోర్సు టకటకలు నేర్చుకోవడం దానికన్నా తేలిక. కానీ కౌంటరు డ్యూటీ పడ్డప్పుడు అసలు పరీక్ష. ఎందుకంటే టెలిగ్రాంలో మాటకింత అని లెక్క ఉండేది. మాట పెరిగితే పైసలు పెరిగేవి. ఇప్పటి పిల్లలకి ఇది నమ్మశక్యం కాదు, వాళ్లకి మాటలు ఉచితం. అందుకే కాబోలు ఎంత చులకన!

మిర్చి యార్డు సీజనులో మా కౌంటరు ముందు జాతర. ఒక వ్యాపారి వచ్చేవాడు, చెవి వెనక పెన్సిలు, ఒంటి మీద మిరప ఘాటు. ఆయన వస్తే క్యూ మొత్తం తుమ్మేది. "బాబూ, బొంబాయిలో మావోడికి చెప్పాల. రేటు పడిపోతా ఉంది, ఇప్పుడు అమ్మొద్దు, నేను మళ్లీ చెప్పేదాకా సరుకు పట్టుకొని కూసోమను. తక్కువలో తెమల్చు." నేను ఫారం మీద 'డు నాట్ సెల్ నౌ, వెయిట్ టిల్ ఐ టెల్ యూ' అని మొదలుపెట్టి వేళ్లు లెక్కపెడుతుంటే, వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి నా కలం లాక్కుంది. మొత్తం కొట్టేసి రెండే మాటలు రాసింది. 'డిఫర్ సేల్'.

ఆ చెయ్యి మా టెలిగ్రాఫ్ మాస్టరు గారిది. ఆఫీసంతా మాస్టారనేవాళ్లం. కృష్ణ ఒడ్డున ఏదో అగ్రహారంలో పుట్టి, పదేళ్లు నిండకుండానే అమరకోశం వల్లించి, తర్వాత పొట్టకూటికి ఈ తీగల ఉద్యోగంలో పడ్డ మనిషి. పంచెకట్టు, పొడుం డబ్బా. ఆ సాయంత్రం రద్దీ తగ్గాక నన్ను పిలిచి, పాడైన టెలిగ్రాం ఫారం ఒకటి వెనక్కి తిప్పి బల్ల మీద పెట్టారు.

"ఏమోయ్, డిఫర్ అన్న మాటకి చుట్టాలెవరో తెలుసునా?"

తెలియదన్నాను.

"ఇంగ్లీషుకీ ధాతువులున్నాయోయ్. వాళ్ల సొంతం కొన్ని, లాటిన్ నుంచీ గ్రీకు నుంచీ తెచ్చుకున్నవి బోలెడు. ఫెర్ అంటే లాటిన్‌లో మోయడం." అని కాగితం మధ్యలో ఫెర్ అని రాసి చుట్టూ సున్నా చుట్టారు. దాన్నుంచి గీతలు గీస్తూ పోయారు. "ట్రాన్స్ అంటే ఆవలికి. ఆవలికి మోసుకుపోవడం ట్రాన్స్‌ఫర్. అది నీకు త్వరలోనే తెలుస్తుంది. రిఫర్, వెనక్కి మోసుకెళ్లడం. ప్రిఫర్, ముందుకి తెచ్చి పెట్టుకోవడం. కాన్ఫరెన్స్, అందరూ తలా ఒకటి మోసుకొచ్చి ఒకచోట పడెయ్యడం. ఇన్ఫర్, డిఫర్, ఆఫర్. కాపు మోసే భూమి ఫెర్టైల్. మరి సఫర్? ఆ స అన్నది 'సబ్'. అంటే కింద. కింద ఉండి మోయడం. దాన్ని మనమేమంటాం?"

"బాధపడటం అంటామండి."

"కాదోయ్. భరించడం అంటాం. భరించు, భారం, భర్త, అంతా సంస్కృతంలో 'భృ' ఇంటివాళ్లు. ఆ భకారమే లాటిన్ గడప తొక్కేసరికి ఫకారమైంది. నీ ఫెర్, మా భర్ అన్నదమ్ములు. ఇంగ్లీషువాడి సొంత మాట 'బేర్' కూడా ఆ కడుపున పుట్టినదే. నువ్వు పుట్టినప్పటి నుంచి ఈ మాట నీ నోట్లోనే ఉంది. నేర్చుకోవడానికేముంది, గుర్తుపట్టడమే."

ఆ కాగితం చాలా ఏళ్లు నా దగ్గర ఉంది. సీలు లక్క మరక ఒకటి దాని మీద, పొడుం మరకలు మూడో నాలుగో. అటు తర్వాత రోజుకో ధాతువు, రోజుకో పాడైన ఫారం. కార్డులా అవి! ఊరేగింపులు.

అన్నిట్లోకీ నాకు నచ్చింది 'స్పెక్' ఊరేగింపు. స్పెక్ అంటే చూపు. లోపలికి తొంగిచూసేవాడు ఇన్‌స్పెక్టరు. ఆగి వెనక్కి తిరిగి మళ్లీ చూడాలనిపిస్తే రెస్పెక్ట్. ఓరగా, కింది చూపు చూస్తే సస్పెక్ట్. ముందుచూపు ప్రాస్పెక్ట్. చుట్టూ చూసి అడుగేసే జాగ్రత్తపరుడు సర్కమ్‌స్పెక్ట్. తనలోకి తాను చూసుకోవడం ఇంట్రాస్పెక్షన్. ఎవరినైనా పైనుంచి కిందకి చూస్తే డిస్పైజ్, మన తెలుగులో దానికి ఎంత ముచ్చటైన మాటుంది, చిన్నచూపు! కావలి మంచె మీద నుంచి దూరంగా చూడటం స్పెక్యులేషన్. మిర్చి వ్యాపారి చేసేది అదే, మంచె ఒక్కటే లేదు. ఇదంతా చెప్పి మాస్టారు పొడుం పీల్చి, "ఇప్పుడు ఆస్పీషియస్ విను" అన్నారు. అందులో ముందు ముక్క 'ఏవిస్', పిట్ట. రోమనులు మంచి పని మొదలుపెట్టే ముందు పిట్టలు ఎటు ఎగురుతున్నాయో చూసేవాళ్లు. పిట్టచూపు బాగుంటే ఆస్పీషియస్. "మరి మన శకునం ఏమిటనుకున్నావు? సంస్కృతంలో శకునమంటే పిట్టే." రోములో పిట్ట, రేపల్లెలో పిట్ట. నాకు ఒళ్లు గగుర్పొడిచింది. చివరగా ఆయన మెల్లిగా అన్న మాట ఇంకా గుర్తు. "స్పష్టంగా ఉందా? ఆ స్పష్టం కూడా వాళ్ల చుట్టమే. స్పశ్ అంటే చూడటం. బాగా కనబడేదే స్పష్టం."

అదీ చదువు. ఇరవై మాటలు, ఒక్క సాయంత్రం. యాభై ఏడేళ్లయింది, ఒక్కటీ మర్చిపోలేదు. మొన్నటి కూరగాయల లెక్క మర్చిపోతున్నాను గానీ.

జీతం రాళ్లు కాస్త మిగలడం మొదలయ్యాక పుస్తకాలు కొన్నాను. నార్మన్ లూయిస్ 'వర్డ్ పవర్ మేడ్ ఈజీ', 1949లో వచ్చిన పుస్తకం, నేను కొన్నది పాతది, అట్టలేనిది. ఆయనదీ మా మాస్టారి బాణీయే. ఈగో అంటే నేను, ఆల్టర్ అంటే ఎదుటివాడు, వెర్ట్ అంటే తిరగడం అని పట్టుకుంటాడు. లోపలికి తిరిగినవాడు ఇంట్రోవర్ట్, బయటికి తిరిగినవాడు ఎక్స్‌ట్రోవర్ట్. మన వర్తనం, ఆవర్తనం, వర్తులం ఆ వెర్ట్ బంధువర్గమేనని పాపం ఆ అమెరికా ఆయన చెప్పడు. ఆయన రాసుకున్నది మన కోసం కాదు కదా. రీడర్స్ డైజెస్టులో వర్డ్ పవర్ పేజీ ఉండేది, విల్‌ఫ్రెడ్ ఫంక్ 1945లో మొదలెట్టింది. ఆ పత్రిక ఆఫీసులో ఒకరు తెప్పిస్తే పన్నెండు మందిమి చదివేవాళ్లం. పేజీ మధ్యలో టీ మరకలు, పక్కన పెన్సిలు టిక్కులు. ఎవరి టిక్కు ఎవరిదో కూడా తెలిసేది. ఇప్పుడు నార్మన్ లూయిస్ హైదరాబాదులో ఫుట్‌పాత్ మీద కుప్ప పోసి అమ్ముతారు. మా వాడికి నేనే ఒకటి కొనిచ్చాను. దాని మీద లాప్‌టాప్ పెట్టుకుంటాడు, వేడి తగలకుండా.

అసలు నా కడుపుమంట ఫోను మీద కాదు. ఇది ఎవరూ సరిగ్గా వినరు, అందుకే మళ్లీ మళ్లీ చెబుతాను. వీడు ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియం. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు గానీ తెలుగు పుస్తకం చదవలేడు. ఇంటర్‌లో రెండో భాషగా సంస్కృతం తీసుకున్నాడు. ఎందుకూ అంటే మార్కులు బాగా వేస్తారట. 99 వచ్చాయి. ఆ 99 వచ్చినవాడు మొన్న 'ఇమ్మోర్టల్' అనే కార్డు పట్టుకుని అరగంట కుస్తీ పట్టాడు.

"మోర్ట్ అంటే చావురా. మృతుడు, మృత్యువు, మర్త్యుడు. ఇమ్మోర్టల్ అంటే అమర్త్యుడు. ముక్కకి ముక్క సరిపోయింది చూడు" అన్నాను.

"మర్త్యుడు అంటే?" అన్నాడు.

ఏం చెప్పను? తాళంచెవి చేతికిస్తే, తాళంచెవి అంటే ఏమిటని అడుగుతున్నాడు. తర్వాత కార్డు 'ఆంబ్రోజియా', దేవతల తిండి. వీడు దాన్ని అంబ్రెల్లాతో ముడిపెట్టి గుర్తు పెట్టుకున్నాడు. గొడుగు కింద కూర్చుని దేవతలు భోంచేస్తున్నారట! ఒరే, అది మన అమృతంరా, గ్రీసులో పెరిగిన మన అమృతం, చావు లేకుండా చేసేది. గార్యులస్ అంటే వాగుడుకాయ అని ఉంటే, 'గారెలు తింటూ కబుర్లు' అని గుర్తట. ట్రకులెంట్ అంటే దుడుకు మనిషి కాబట్టి 'ట్రక్కు డ్రైవరు'. గారెల సంగతి నాకు నచ్చిందనే చెప్పాలి. కానీ గారెకి కొడుకులుండరు. మోర్ట్‌కి ఉంటారు. మార్చురీ, మోర్టిఫై, పోస్ట్‌మార్టం, ఆఖరికి బ్యాంకువాడి మార్ట్‌గేజ్. ఆ గేజ్ అంటే తాకట్టు. చచ్చిన తాకట్టు అన్నమాట. అప్పు తీరితే తాకట్టు చస్తుంది, తీరకపోతే పొలం చస్తుంది. అప్పు చేసిన మా నాన్నకి ఈ మాట తెలియదు గానీ, అర్థం మాత్రం బాగా తెలుసు.

అంటే మా కాలంలో తెలుగు బళ్లో చదివిన కుర్రాడు, తనకి తెలియకుండానే సగం లాటిన్ మూటగట్టుకుని ఇంగ్లీషు గుమ్మం ఎక్కేవాడు. జ్ఞానం తెలిసినవాడికి కాగ్నిషన్, డయాగ్నోసిస్, ఇగ్నోరెన్స్, వాళ్ల సొంత 'నో' కూడా ఇంటివాళ్లే. జననం తెలిస్తే జెనెసిస్, జెనరేషన్, ప్రొజెనీ. వాక్కు తెలిస్తే వోకల్, ప్రొవోక్, రివోక్, కోర్టులో నల్లకోటు అడ్వొకేటు. విద్య తెలిస్తే విజన్, ఎవిడెన్స్, వాళ్ల 'విట్'. చంద్రుడు తెలిస్తే కాండిల్. నవ్వకండి. చంద్ర అంటే మెరిసేది, కాండెరె అంటే మెరవడం. ఎన్నికల్లో నిలబడే కాండిడేటు కూడా ఆ మెరుపువాడే. రోములో ఓట్లకి తిరిగేవాళ్లు తెల్లటి బట్టలు కట్టుకునేవాళ్లు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలకి ఇన్నాళ్ల చరిత్ర ఉందన్నమాట.

ఇప్పుడు ఇంగ్లీషు బాగా రావాలని తెలుగు మాన్పించారు. తెలుగు పోయింది, దాంతోపాటు సంస్కృతం వాసన పోయింది, దాంతోపాటు లాటిన్ చుట్టరికమూ పోయింది. మూడు వేల మాటలు మూడు వేల అనాథల్లా మిగిలాయి. ఒక్కొక్కదానికీ విడిగా అన్నం పెట్టి పెంచాలి.

ఈ చుట్టరికం నా సొంత కవిత్వం కాదు. కలకత్తాలో జడ్జీగా చేసిన విలియం జోన్స్ 1786లో సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని సభలో చెప్పాడు. ఆయన తర్వాత ముప్పై ఏళ్లకి, 1816లో, మద్రాసు కలెక్టరు ఎల్లిస్ ఇంకో మెట్టెక్కాడు. కాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటలో తెలుగు, తమిళ, కన్నడ ధాతువుల్ని పక్కపక్కన వరసగా పేర్చి, ఇవి సంస్కృతం పిల్లలు కావు, వీటి ఇల్లు వేరు అని చూపించాడు. ఈ సంగతి మాస్టారికి చెబితే ఆయనకి మొదట నచ్చలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తనే వచ్చి, "నడక, నడత, నడవడి, నడవ, నడుపు... నిజమేనోయ్, మనకీ సొంత కొంప ఉంది" అన్నారు. అంత పెద్ద మనిషి అలా ఒప్పుకోవడం నేను మళ్లీ చూడలేదు.

మాస్టారు ఒక హెచ్చరిక కూడా చేసేవారు, అది నేను తలకెక్కించుకోలేదు. "ఇంటి పేరు తెలిసినంత మాత్రాన మనిషి గుణం తెలిసిపోదోయ్. ఇంటి పేరు ఒకటైనా కొందరు చుట్టాలే కారు." ఉదాహరణకి గ్రెగ్ అంటే మంద. మందలో కలిసి తిరిగేవాడు గ్రిగేరియస్, మందగా చేరడం కాంగ్రిగేషన్, మంద నుంచి విడదీయడం సెగ్రిగేషన్. మనకీ ఉంది, ఆవులు నిలిచే చోటు గోష్ఠం, అక్కణ్నుంచి గోష్ఠి అంటే పదిమంది చేరి మాట్లాడుకోవడం. ఇప్పటి సాహిత్య గోష్ఠులు చూస్తే ఆవులే నయం. బాగానే ఉంది. మరి ఇగ్రీజియస్? మందలోంచి పైకి కనబడేవాడు. ఒకప్పుడు అది పొగడ్త, ఇప్పుడు తిట్టు. ధాతువు మారలేదు, గుణం తిరగబడింది.

చుట్టాలు కానివాళ్ల సంగతి నా నెత్తిమీదకే వచ్చింది. మాస్టారు నేర్పిన 'పెడ్' కుటుంబం నాకు కంఠోపాఠం. పెడ్ అంటే పాదం. పెడలు, పెడెస్ట్రియన్. కాళ్లకి బంధం వేస్తే ఇంపీడ్, ఆ బంధం విప్పేస్తే ఎక్స్‌పెడైట్. పై ఆఫీసు నుంచి ప్రతి ఉత్తరంలోనూ 'ఎక్స్‌పెడైట్' అని వచ్చేది, కాళ్ల తాడు విప్పేవాడు మాత్రం ఉండేవాడు కాదు. జెర్రిని సంస్కృతంలో శతపది అంటారు. సెంటిపీడ్ అంటే అదే, సెంట్ శతం, పీడ్ పాదం, రెండు ముక్కలూ మనవే. కొంగ కాలు పెడిగ్రీ, వంశవృక్షం గీస్తే ఆ గీతలు కొంగ పాదంలా ఉంటాయని ఫ్రెంచివాళ్లు పెట్టిన పేరు. ఇంత పరిజ్ఞానం నాది.

1979 ఎండాకాలం. మా ఆవిడకి మోకాలు వాచి అడుగు తీసి అడుగు వెయ్యలేకపోతోంది. ఎవరికి చూపించాలా అని రిక్షాలో వెతుక్కుంటూ పోతుంటే ఒక కొత్త బోర్డు కనబడింది. పీడియాట్రీషియన్. నేను ఒక్క క్షణం ఆలోచించి, పెడ్ అంటే కాలు, కాళ్ల డాక్టరు, ఆపవోయ్ రిక్షా అన్నాను. లోపల గోడ నిండా బొమ్మలు, బల్ల మీద గిలక్కాయ. అప్పుడైనా నాకు అనుమానం రావాలి కదా, రాలేదు. గంటన్నర కూర్చున్నాం. చుట్టూ పిల్లల ఏడుపులు. కాళ్ల నొప్పులు ఇంత చిన్న వయసులోనే వస్తున్నాయే అని నేను మా ఆవిడతో జాలిపడ్డాను కూడా. చివరికి మా వంతొచ్చింది. డాక్టరు గారు మా ఇద్దరినీ చూసి, "పాప ఎక్కడమ్మా?" అన్నాడు.

గ్రీకులో పిల్లల్ని 'పైడ్' అంటారట. ఆ పైడ్ వేరు, లాటిన్ పెడ్ వేరు. పీడియాట్రిక్స్, పెడగాగీ, ఎన్‌సైక్లోపీడియా, వీళ్లంతా ఆ గ్రీకు పిల్లల ఇంటివాళ్లు. మర్నాడు మాస్టారికి చెబితే పొడుం పొరబోయేంత నవ్వి, "మొదటే చెప్పానా లేదా" అన్నారు. మా ఆవిడ మాత్రం నవ్వలేదు. ఇప్పటికీ ఎవరికైనా నేను ఏదైనా మాటకి మూలం చెప్పబోతే, వెనక నుంచి "పాప ఎక్కడమ్మా?" అని వినబడుతుంది.

ఈ కథ విని మనవడు ఫోనులో రెండు సెకన్లు వేళ్లు ఆడించి, "ఇదిగో తాతయ్యా, ఇందులో క్లియర్‌గా ఉంది" అని చూపించాడు. మాట, దాని కింద మూలం, గ్రీకు దారి, లాటిన్ దారి, ఎప్పుడు ఇంగ్లీషులోకి వచ్చిందో ఆ ఏడు. నేను కళ్లజోడు తుడుచుకుని చూశాను. నిజంగానే ఉంది. మాస్టారు బతికుంటే ఆ తెర ముందు నుంచి లేచేవారు కారు. మేం మాటల మూలాలు చెప్పే స్కీటు నిఘంటువు కోసం లైబ్రరీ చుట్టూ కాళ్లరిగేలా తిరిగితే, లైబ్రేరియన్ బీరువా తాళం దొరకలేదనేవాడు. వీడి జేబులో అది తాళం లేకుండా ఉంది.

"మరి ఎప్పుడూ చూడవేం?"

"అది ఎగ్జామ్‌లో రాదుగా తాతయ్యా."

రాదా? ఆ పరీక్ష సంగతి కూడా వీడికన్నా నాకే ఎక్కువ తెలిసినట్టుంది. ఇదివరకు అందులో మాట ఇచ్చి దానికి వ్యతిరేకం చెప్పమనేవాళ్లు. జంట మాటలిచ్చి, వాటి మధ్య వరస ఎలాంటిదో అలాంటి వరస ఉన్న ఇంకో జంట వెతకమనేవాళ్లు. బట్టీయానికి అప్పుడు కాస్త విలువుండేది. 2011లో ఆ రెండూ తీసేశారు. ఇప్పుడంతా వాక్యంలో ఖాళీ పూరించడం, పేరా చదివి జవాబివ్వడం. అంటే మాట గుణం తెలియాలి, ఎక్కడ ఎలా మసులుతుందో తెలియాలి. పరీక్ష పెట్టేవాడు మారాడు. జాబితాలు అమ్మేవాడూ, గుంపులో పంచేవాడూ మాత్రం మారలేదు.

సర్లే అని ఆ సాయంత్రం వాడికి ఒక్క మాట చెప్పాను, ఒక్కటే. రైవల్. లాటిన్‌లో రివుస్ అంటే ఏరు. ఒకే ఏటి నీళ్లు వాడుకునేవాళ్లు రైవల్స్. అంతకన్నా ఏం లేదు. ఒకే కాలవ కింద రెండు పొలాలుంటే ఏమవుతుందో తెలుగువాడికి చెప్పాలా? మా ఊళ్లో తూము దగ్గర పారలతో కొట్టుకున్న అన్నదమ్ములున్నారు. ఇప్పుడు కృష్ణా నీళ్ల కోసం రెండు తెలుగు రాష్ట్రాలు పోట్లాడుకుంటుంటే, పేపరువాళ్లు రైవల్స్ అని రాస్తే నాకు ముచ్చటేస్తుంది, ఇంత సరిగ్గా ఆ మాట ఇంకెక్కడా అతకదు. వాడు విన్నాడో లేదో తెలియదు. "ఊఁ" అన్నాడు.

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంటుకి నీళ్ల టాంకరు వచ్చింది. ఏ బ్లాకు సంపులో ముందు పొయ్యాలని కింద గొడవ. ఏ బ్లాకు సెక్రెటరీ పైపు ఒక కొస పట్టుకున్నాడు, బీ బ్లాకు ఆయన రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ రోజూ కలిసి వాకింగుకి పోయేవాళ్లే. మా వాడు బాల్కనీలోంచి తొంగిచూసి, లోపలికి కేకేశాడు.

"తాతయ్యా, రా! రైవల్స్!"

నేను చెయ్యి కడుక్కోకుండానే లేచాను. పక్కన నిలబడి ఒక నిమిషం ఇద్దరం నీళ్ల పోట్లాట చూశాం. ఇదే అదను అనుకున్నాను. వాడి కార్డులో రైవల్‌కి అర్థం 'కాంపిటీటర్' అని రాసి ఉంది. కాంపిటీటర్‌లో పెట్ ఉంది. దానికి పెటిషన్, ఆపిటైట్, మన పతనం, ఆఖరికి ఎగిరే పతంగం దాకా చుట్టాలున్నారు. "ఒరే, అసలు పెట్ అంటే..." అని మొదలుపెట్టి పక్కకి తిరిగేసరికి వాడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టేసుకున్నాడు.

ఫోన్ అంటే గ్రీకులో ధ్వని. టెలిఫోను, మైక్రోఫోను, సింఫనీ... ఎవరితో చెప్పుకోను?